ఎంగిలి కాని గుక్క

"బాత్రూం యాసిడ్... ఫినాయిల్..."
పదకొండేండ్ల సంది నాదిదే కూత.
ఎక్సెల్ బండికి రెండు దిక్కుల నీలం డబ్బలు, నడుమ గరాటు,
మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల కాడికెల్లి
చిలకలగూడ వెనుక గల్లీల దాంక.

ఎవరే సీస తెస్తె ఆ సీసల పోస్త.
సీస మీదే తెచ్చుకుంటె అయిదు రూపాయలు తక్కువ,
ఆ ఆశ పెట్టింది నేనే.
కూల్‌డ్రింక్ సీస, తేనె సీస,
రంజాన్‌కు షర్బత్ కలిపిన పొడుగు మెడ సీస.
ఒకామె పసిపిల్లల గ్రైప్ వాటర్ సీస తెచ్చింది.
నవ్వొచ్చింది నాకు.
పోసిన.

మంచి యాసిడ్‌కు రంగుండదు.
నీళ్ళ పక్కన పెడితె
నీళ్ళు గూడ "మా తమ్ముడే" అంటయి.

పుష్పలీల టీచరమ్మ మంగళవారం తెచ్చింది లీటరు సీస,
కాయితం ఊడిన నీళ్ళ సీస, తెల్ల మూత.
శుక్రవారం ఆమె ఇంటికి ఏసీ బాగు చెయ్య వచ్చిండు ఇంతియాజ్,
ఇరవై రెండేండ్ల పోరడు.
మే నెల. మూడో అంతస్తు. లిఫ్టు లేదు.
గ్యాస్ సిలిండర్ భుజాన మోసుకొని ఎక్కిండు.
"అమ్మా, జర పానీ" అన్నడు.
పేపర్లు దిద్దుకుంట తలెత్తకుండనే
"కిటికీ కాడుంది, తీస్కో బాబు" అన్నదామె.

కిటికీ కాడ రెండున్నయి.

మూతికి ఆనిచ్చి తాగితె
ముక్కన్న చెప్పేది.
పరాయోళ్ళ సీస, ఎంగిలి కావద్దని
తల వెనుకకు వంచి, చెయ్యి పైకెత్తి
దూరంకెల్లి పోసుకున్నడు గొంతులకు.
వానికి తల్లి నేర్పిన మర్యాద అది.

ఎదురింటోళ్ళు ఉరికొచ్చిండ్రు.
ఉప్పు నీళ్ళు తాపిండ్రు, కక్కుమని వీపు మీద గుద్దిండ్రు,
అందరు మంచోళ్ళే.
గాంధీల డాక్టరమ్మ తల కొట్టుకున్నది:
"కక్కిస్తరా ఎవరన్న?
పోయేటప్పుడు కాల్చింది చాలదని
వచ్చేటప్పుడు మళ్ళ కాల్చింది గద."

ఎస్సై సీసను కవర్ల వేసుకొని నన్ను పిలిపిచ్చిండు.
దీని మీద ఏమన్న రాసి ఉండెనా? అని.
లేకుండె సారూ.
నాకు రాయ రాదు.
ఆమెకు రాయ తీరలే,
నలభై మంది పిల్లల నోటుబుక్కులకు
పేర్లు రాసి అంటిచ్చే చెయ్యే అది.

బండి నాలుగు దినాలు తియ్యలే.
అయిదో దినం తీసిన, కిస్తీ ఉన్నది.
ఇప్పుడు నా సీసలే ఇస్త,
మెడకు ఎర్ర గుడ్డ పీలిక కట్టి.
"దిష్టికా?" అంటరు కొందరు.
ఔనంట.
మర్నాడు పోయి చూస్తె ఆ పీలికతోని
కరేపాక్ చెట్టుకు కర్ర కట్టి ఉంటది.

వార్డుకు పోయిన ఒకపారి.
చేతుల కొబ్బరిబోండం పట్టుకపోయిన, బుద్ధి లేక.
పొట్టకు చిల్లు పెట్టి పైపేసిండ్రు వానికి,
గంజి ఆ తొవ్వల పోతది.
నేనెవరో చెప్పిన.
చెప్పినంక ఎటు చూడాల్నో తెల్వలే.

చానసేపు నా మొకమే చూసిండు.
తలగడ కింద పలక తీసి ఉర్దూల ఏదో రాసిండు.
తిట్టిండనుకున్న,
తిట్టుంటె బాగుండనుకున్న.
పక్క మంచం ముసలాయన అద్దాలు సర్దుకొని చదివిండు:

"మేడంకు చెప్పు,
ఫిల్టర్ కడిగి బాల్కనీల ఆరబెట్టిన,
ఇంక బిగియ్యలే."